చప్పుడు చెయ్యని డిస్కు

ఆ వీధిలో ఆవిడను అందరూ కంపోజింగక్క అనేవారు. వయసులో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అక్క అనే పిలిచేవారు. కరపత్రాలు, బిల్లుబుక్కులు, బడి ప్రశ్నపత్రాలు, మందుసీసాల మీద అంటించే లేబుళ్ళు, ఎవరైనా సరదాపడి పుస్తకం వేసుకుంటే ఆ పుస్తకం, ఏది అచ్చు కావాలన్నా ముందు ఆవిడ వేళ్ళ కిందనుంచి వెళ్ళవలసిందే. పెళ్ళికి ముందు బజారులో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేది. అక్కడ తయారైన పేజీలు పక్కసందులోని ఆఫ్‌సెట్ ప్రెస్సుకు వెళ్ళేవి. ఆ ప్రెస్సులో మెషిన్ నడిపే అతను ఒకరోజు తడి ఆరని కాగితం ఒకటి పట్టుకొచ్చి, ఇందులో ఒత్తు పడలేదు చూడండి అని సెంటరంతా దద్దరిల్లేలా చెప్పాడు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఒక ఒత్తు కోసం ఇంత రాద్ధాంతమా అనుకుంది. తర్వాత తెలిసింది, అది కోపం కాదని, అతను మాట్లాడటమే అంతని.

ప్రెస్సు మనుషుల సంగతే అంత. తెల్లారినప్పటినుంచి ఆ మోతలో నిలబడి ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే గొంతు చించుకోక తప్పదు. చివరికి ఆ గొంతే ఖాయమైపోతుంది. అతన్నే పెళ్ళి చేసుకుంది. కొత్తలో ఇరుగుపొరుగువాళ్ళు ఆ ఇంట్లో రోజూ గొడవలేనని అనుకున్నారు. ఎదురింటి పెద్దావిడ ఒకసారి ఆవిడను పక్కకు పిలిచి, ఏదైనా కష్టంగా ఉంటే మనసులో పెట్టుకోకు, నాకు చెప్పు అంది. ఆ సమయంలో లోపల మొగుడు చేసిన పనల్లా కూర బాగా కుదిరిందని మెచ్చుకోవడం.

కూతురు పుట్టాక ఆ ఇల్లు మరీ సంత అయిపోయింది. తండ్రి గొంతూ, ఎవరిదో తెలియని ఆపలేని నోరూ కలిసి పుట్టింది పిల్ల. బడికి వెళ్తూ దారిలో కనబడిన కుక్కకు కబుర్లు చెప్పేది. వచ్చాక ఆ కుక్క ఏమందో ఇంట్లో చెప్పేది. తండ్రి దాన్ని వసపిట్ట అనేవాడు. పేరు పెట్టి పిలిచిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. సాయంత్రం అతను వచ్చేసరికి అది గుమ్మంలోనే కాచుకుని ఉండి, చెప్పులు విప్పనివ్వకుండా మొదలుపెట్టేది. ఇద్దరూ కలిసి ఇల్లు పీకి పందిరేస్తుంటే ఆవిడ వంటింట్లోంచి, కాస్త ఊపిరి తీసుకోండర్రా అని తనూ అరిచేది. అలా అరవకపోతే వినబడేది కాదు మరి.

పిల్ల ఒకటో తరగతిలో ఉండగా అతనికి జ్వరం తగిలింది. జ్వరమే కదా అనుకున్నారు. రెండురోజులు పోయేసరికి మనిషి మనిషిని గుర్తుపట్టలేదు. చేతులూ కాళ్ళూ కొట్టుకుని మూర్ఛపోయాడు. ఆసుపత్రిలో మెదడుకు పాకిందన్నారు. చాలారోజులు యమయాతన పడి, చివరికి సగం బరువుతో ఇంటికి వచ్చాడు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. మాట బాగానే ఉంది. జ్ఞాపకం కూడా చెడలేదు. పాడైంది వినికిడి. చెవుడు వచ్చి ఉంటే ఎవరికైనా చెప్పుకోవడానికి తేలికగా ఉండేది. వచ్చింది దానికి తలకిందులైన రోగం. ప్రతి చప్పుడూ నొప్పిపెట్టేది.

డాక్టరు ఆవిడను కూర్చోబెట్టి వివరంగానే చెప్పాడు. మామూలు మనిషి చెవిన రోజంతా వేల చప్పుళ్ళు పడుతుంటాయి, మెదడు వాటిని జల్లెడపట్టి అక్కర్లేనివి అవతల పారేస్తుంది, ఇతని జల్లెడ చిరిగిపోయింది, అన్నీ లోపలికి దూసుకొస్తాయి అన్నాడు. కొందరికి తగ్గుతుందట, కొందరికి తగ్గదట. మూర్ఛ మాత్రం మళ్ళీ రావచ్చు కాబట్టి ఒంటరిగా వదలొద్దని గట్టిగా చెప్పాడు.

చెవుల్లో దూది పెడితే పైచప్పుళ్ళు తగ్గేవి కానీ తన గుండె కొట్టుకోవడం తనకు వినిపించి ఇంకా బాధపడేవాడు. అందుకని దూది తీసేసి, ఇంటినే దూదిలో పెట్టింది ఆవిడ. గిన్నెల మధ్య పాతగుడ్డలు పరిచింది. కుర్చీకాళ్ళకు రబ్బరు బిళ్ళలు తొడిగింది. కుక్కర్ అటకెక్కింది. తలుపు గడియకు బట్ట చుట్టింది, కాలింగ్‌బెల్ తీగ పీకేసింది. స్టీలు చెంచాలు పోయి చెక్కవి వచ్చాయి. వీధిలోంచి వచ్చే హారన్లకు ఆవిడ చేయగలిగింది లేదు కాబట్టి మంచం వెనకగదిలోకి మార్చి, కిటికీకి పరుపు ఒకటి నిలబెట్టి కట్టేసింది. అందరూ పిల్లి అడుగులు వేయడం నేర్చుకున్నారు.

పిల్ల అందరికంటే త్వరగా నేర్చుకుంది. మొదట్లో మరిచిపోయి బడినుంచి వస్తూనే కేకేసేది. వెనకగదిలో తండ్రి రెండు చేతులతో తల పట్టుకుని గోడవైపు ముడుచుకుపోయేవాడు. తల్లి పరిగెత్తుకొచ్చి పెదవుల మీద వేలు పెట్టేది. అలా కొన్నిసార్లు జరిగింది. ఒకసారి పలక జారి పడినప్పుడు అతనికి కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. పిల్ల ఆ నీళ్ళను చూసింది. ఆ తర్వాత దానికి ఎవరూ ఏమీ చెప్పవలసిన పని లేకపోయింది. చుట్టాలు వచ్చి చూసి, ఎంత బుద్ధిమంతురాలు అయిందో అని ముక్కు మీద వేలేసుకున్నారు. ఆవిడ కూడా పొంగిపోయింది. ఇంట్లో అన్నిటితో సతమతమవుతున్న మనిషికి, పిల్ల ఇబ్బంది పెట్టకపోవడం ఎంత ఊరటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

అతన్ని వదిలి సెంటరుకు వెళ్ళడం కుదరదు. సెంటరు యజమాని కొత్త కంప్యూటర్లు కొన్నప్పుడు పాతదాన్ని ఆవిడకు ఇచ్చి, ఇంట్లోనే పని చేసి పంపమన్నాడు. మనిషి మీద కన్ను ఉంచాలి కాబట్టి దాన్ని వెనకగదిలోనే, మంచానికి ఎదురుగా పెట్టుకుంది. కీబోర్డు మీద మెత్తటి బట్ట పరిచి, ఆ బట్ట మీదనుంచే టైపు చేయడం అలవాటు చేసుకుంది. అక్షరాలు కనబడకపోయినా వేళ్ళకు దారి తెలుసు. అతను కళ్ళు మూసుకుని పడుకునేవాడు. అడిగితే, బాగానే ఉంది, నీ పని నువ్వు చేసుకో అనేవాడు.

బాగా లేదని ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు తెలిసింది. స్క్రీను నల్లబడగానే, అయ్యో సేవ్ చెయ్యలేదే అనుకుంటూ అటు తిరిగి చూసింది. అతని నుదుటి మీద రోజూ ఉండే ముడత విడిపోయింది. దవడ వదులైంది. ఎన్నాళ్ళనుంచో ఎత్తుకున్న బరువు దించుకున్న కూలీలా ఒక్క నిట్టూర్పు విడిచి, పక్కకు తిరిగి నిద్రపోయాడు. ఆవిడ ఆ చీకటి స్క్రీను ముందు చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని తను చేసిన పని అంతా అతని తలలో మేకులు కొట్టడమేనా అనిపించింది.

లేచాక అడిగింది. మొదట ఒప్పుకోలేదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. కంప్యూటర్ లోపలి ఫ్యానుదేనా బాధ అంటే కాదన్నాడు.

"ఫ్యాన్ ఒక తీరుగా మోగుతుంది. దానికి నేను సర్దుకుంటాను. ఇంకోటుంది చూడు, సన్నగా ఈల వేస్తూ ఉంటుంది, ఉండి ఉండి టిక్కు టిక్కుమని గీరుతుంది. ఎప్పుడు గీరుతుందో తెలీదు. దాని కోసం ఎదురుచూడ్డమే నాకు చావుగా ఉంది."

కరెంటు వచ్చాక ఆవిడ కంప్యూటర్ పెట్టె మూత తీసి, చెవి దగ్గరగా పెట్టి విన్నది. మామూలు మనిషికి అది చప్పుడే కాదు. పేజీ తెరిచినప్పుడు, మూసినప్పుడు, బొమ్మ ఎక్కించినప్పుడు హార్డ్‌డిస్క్ లోపల ఏదో సూదిలాంటిది అటూ ఇటూ పరిగెత్తుతున్నట్టు గరగరమంటోంది. ఇంట్లో చెంచాలనుంచి గడియదాకా అన్నిటి నోరూ నొక్కేసిన తను, తనకు అన్నం పెట్టే పెట్టెలో ఉన్న దీన్ని వదిలేసింది.

మరునాడు అతని దగ్గర ఎదురింటి పెద్దావిడను కూర్చోబెట్టి కంప్యూటర్ సామాన్లు అమ్మే బజారుకు వెళ్ళింది. మొదటి షాపులో చప్పుడు చెయ్యని హార్డ్‌డిస్క్ కావాలంటే, ఏదీ చెయ్యదండీ అని ఒకటి తీసి చేతిలో పెట్టారు. రెండో షాపులో ఎంత పెద్దది కావాలో, ఎంత వేగంగా పనిచేసేది కావాలో అడిగారు గానీ చప్పుడు సంగతి ఎవరికీ పట్టలేదు. లోపల పళ్ళెంలాంటిదేదీ తిరగని కొత్తరకం డిస్కులు వస్తున్నాయని, వాటికి అసలు చప్పుడే ఉండదని ఒకతను చెప్పాడు. అవి ఇక్కడికి ఇంకా రాలేదని, వచ్చినా ఆవిడ ఫైళ్ళలో నాలుగోవంతు కూడా పట్టవని అతనే మళ్ళీ చెప్పాడు.

మూడో షాపు ఒక మెట్లదారి కింద ఉంది. బట్టతల, ముక్కు చివర కళ్ళద్దాలు, చేతిలో స్క్రూడ్రైవరుతో ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆవిడ ఒకటి తగిలించి తిప్పి చూపించమని అడిగి, అది తిరుగుతుంటే దాని మీదకు వంగి చెవి పెట్టింది. ఇంకోటి అడిగింది. దానికీ చెవి పెట్టింది. వెనకాల నిలబడ్డవాళ్ళు నవ్వుకుంటున్నారు.

"పుచ్చకాయ కాదమ్మా, తట్టి చూసి కొనడానికి," అన్నాడు షాపాయన.

ఆవిడకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే, మా ఇంటాయనకి చప్పుడు పడదండీ అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చెయ్యలేకపోయింది. షాపాయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. ఇంకేమీ అడగలేదు. లేచి పైన తిరుగుతున్న ఫ్యాను ఆపాడు, రేడియో ఆపాడు, షట్టరు సగందాకా దించాడు. కొనడానికి వచ్చినవాళ్ళను బయటే నిలబెట్టాడు. అప్పుడు ఒక్కొక్క డిస్కునే తగిలించి, ఏదో ఒక పెద్ద ఫైలు అటూ ఇటూ తిప్పుతూ, ఇప్పుడు వినండి అన్నాడు. ఆ ఉక్కలో ఇద్దరూ చెమటలు కక్కుతూ చెవులు రిక్కించి కూర్చున్నారు. కొన్ని ఈల వేశాయి. కొన్ని గురక పెట్టాయి. ఒకటి బాగానే ఉంది కానీ ఆగేటప్పుడు పళ్ళు పటపట కొరికినట్టు కొరికింది. చివరికి ఆయన లోపలనుంచి అరచేతిలో పట్టేంత చిన్నది ఒకటి తెచ్చాడు. ఒళ్ళో పెట్టుకునే కంప్యూటర్లలో వాడేదట. నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి నెమ్మదిగా పలుకుతుందన్నాడు. తగిలించాడు. ఆవిడ వంగింది. నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరంత కూడా లేదు.

"పని మాత్రం నెమ్మదవుతుందమ్మా. పేజీ తెరవమంటే కాస్త ఆలోచించుకుని తెరుస్తుంది."

"ఆలోచించుకోనీయండి," అంది ఆవిడ.

ఇంటికి తెచ్చి బిగించబోతుంటే మంచం మీదనుంచి అతను వద్దని చెయ్యి ఊపాడు. రోగం వచ్చాక ఏ విషయంలోనూ కలగజేసుకోని మనిషి లేచి వచ్చి కింద కూర్చున్నాడు. ఇనపరేకుకు మరలతో బిగిస్తే పెట్టంతా కలిసి పాడుతుందని, మెషిన్ చప్పుడు సగం మెషిన్‌ది కాదు, దాన్ని కూర్చోబెట్టిన చోటుదని చెప్పాడు. పాత సైకిల్ ట్యూబు కోసి పట్టీలు చేసి, ఆ పట్టీల మధ్య డిస్కును ఉయ్యాలలో వేసినట్టు వేలాడదీశాడు. ఇన్నాళ్ళయినా వేళ్ళు పని మరిచిపోలేదు. పిల్ల పక్కన చేరి కత్తెర అందించింది. ముగ్గురి తలలూ ఒకచోట చేరి చాలాకాలమైంది. కంప్యూటర్ ఆన్ చేసి, ఆవిడ అతని ముఖం వైపే చూస్తూ కూర్చుంది. అతను కాసేపు విని, ఏమీ వినబడటం లేదన్నట్టు వేలితో గాలిలో ఒక సున్నా చుట్టాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మంచిరోజులు. అతను పగలు నిద్రపోగలిగాడు. నిద్ర పడితే ముఖంలోకి కళ వచ్చింది. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, ఆవిడ తయారుచేసిన పేజీలు కాగితం మీద చూసి తప్పులకు సున్నాలు చుట్టేవాడు. ఒక అరటిపండు ఒలిచి సగం తను తిని, సగం చప్పుడు కాకుండా ఆవిడ పక్కన పెట్టేవాడు. పేజీ తెరుచుకోవడానికి పట్టే ఆలస్యంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవారు. అలా చూసుకునే తీరిక పెళ్ళయిన కొత్తలో కూడా లేదు.

అలాంటి ఒక సాయంత్రం అతను తల ఎత్తి, వసపిట్ట ఇంకా బడినుంచి రాలేదేం అని గుసగుసగా అడిగాడు.

ఆవిడ వేలితో చూపించింది. పిల్ల అతని మంచం పక్కనే, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వచ్చి చాలాసేపైంది. అన్నం తినేసింది, బట్టలు మార్చుకుంది, హోంవర్కు చేసుకుంది. ఒళ్ళో గుడ్డబొమ్మ పెట్టుకుని దానితో మాట్లాడుతోంది. చెయ్యి తిప్పుతోంది, కళ్ళు పెద్దవి చేస్తోంది, పెదవులు గబగబా కదులుతున్నాయి. మాట లేదు. ఊపిరి కూడా వినబడటం లేదు.

ఇన్నాళ్ళూ ఆ డిస్కు గీరుడు కోసం ఎదురుచూస్తూ పడుకున్న మనిషికి, అది ఆగిపోయాక మొదటిసారి ఇంట్లో ఏం వినబడటం లేదో వినబడింది. మంచం దిగి పిల్ల ముందు కూర్చున్నాడు. బొమ్మకు ఏం చెబుతున్నావమ్మా అని అడిగాడు. అది పెదవులు కదిపింది. గట్టిగా చెప్పమ్మా అన్నాడు. పిల్ల తల్లి వైపు చూసింది. చెప్పు అన్నట్టు తల్లి తల ఊపింది. పిల్ల నోరు తెరిచింది, మెడనరాలు తేలాయి, ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఆ తర్వాత తండ్రి కళ్ళలోకి చూసి, ఇంక వద్దన్నట్టు అరచేత్తో తన నోరు తనే మూసేసుకుంది.

అప్పుడు ఆవిడ దాచిపెట్టిన సంగతి చెప్పక తప్పలేదు. ఆమధ్య బడిలో టీచరు ఆవిడను పిలిపించింది. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తుతుందే గానీ పలకదని, పాఠం చదవమంటే పెదవులు కదుపుతుందని, తోటిపిల్లలు మూగి అని పిలుస్తుంటే ఊరుకుంటుందని చెప్పింది. గొంతు చూపిస్తే డాక్టరు గొంతు బంగారంలా ఉందన్నాడు. ఆవిడ పిల్లను బస్టాండు వెనక లారీలు తిరిగే చోటికి తీసుకెళ్ళి, ఇక్కడెవరికీ నొప్పెట్టదు, గట్టిగా కేకెయ్యి అని బతిమాలింది. పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపుకు కూడా చప్పుడు లేదు.

అతను అంతా విన్నాడు. మరునాడు పిల్ల బడికి వెళ్ళాక, తనను అక్కయ్య ఇంటికి పంపెయ్యమన్నాడు. అతని అక్క భర్త పోయాక ఊరి చివర, మూతపడిన గోదాముల వెనక ఒక చిన్న ఇంట్లో ఒక్కతే ఉంటోంది. చాలాకాలం ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి. అటువైపు బస్సు కూడా లోపలిదాకా వెళ్ళదు.

ఎన్ని రోజులని ఆవిడ అడిగింది. రోజులకు కాదన్నాడు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య నిజమైన గొడవ జరిగింది ఆరోజే. గొంతు ఎత్తకుండా, ఎదురెదురుగా కూర్చుని, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా, గుసగుసలతో పోట్లాడుకున్నారు.

"మూర్ఛ వస్తే ఎవరు చూస్తారు? వదిన ఎంతసేపని కనిపెట్టుకుని కూర్చుంటుంది?"

"వస్తే వస్తుంది. ఇక్కడున్నా రాకుండా ఆపలేవు కదా."

"దాన్నే మా చెల్లెలింటికి పంపుదాం. అక్కడ పిల్లలున్నారు. నాలుగు రోజుల్లో అదే నోరు విప్పుతుంది."

"దాన్ని పంపితే, తప్పు చేశాను కాబట్టి పంపేశారు అనుకుంటుంది. చచ్చేదాకా అనుకుంటుంది. నేను పెద్దవాణ్ణి. వెళ్తే వెళ్ళానంతే."

"ఏమండీ, తప్పు నాది. దాని నోరు మూయించింది నేను. మీరు దాన్ని ఒక్కమాట అనలేదు."

"మనిద్దరం కాదు. నా చెవులు," అన్నాడు అతను. "వాటిని నేను ఎక్కడికైనా తీసుకుపోగలను. దాన్ని మాత్రం ఇలా చూడలేను."

ఆవిడ చేతులు చాచి అతని చెవులు రెండూ తన అరచేతులతో మూసి, వెక్కి వెక్కి ఏడ్చింది. అలా మూస్తే అతనికి తన గుండెచప్పుడు వినిపించి బాధ అని తెలుసు. అయినా అతను ఆ చేతులు తియ్యలేదు.

అతను వెళ్ళిన రోజు రాత్రి పడుకోబోతూ పిల్ల తల్లి చెవిలో, నేను చప్పుడు చేశానా అని ఊదింది.

"లేదు. నువ్వు చెయ్యట్లేదనే వెళ్ళాడు," అంది తల్లి.

పిల్లకు అది అర్థమైందో లేదో తెలియదు. ఆవిడ మాత్రం ఇల్లంతా మళ్ళీ చప్పుడు చేయడం మొదలుపెట్టింది. గిన్నెల మధ్య గుడ్డలు తీసేసింది. కుక్కర్ కిందికి దింపింది. రాని పాటలు పాడింది. కావాలని కంచాలు జారవిడిచింది. కంచం పడ్డప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడి వెనకగది వైపు చూసేది. అక్కడ ఖాళీమంచం కనబడేది. రోజులు గడిచాయి, వానలు వచ్చి వెళ్ళాయి, దాని నోరు మాత్రం పెగల్లేదు.

ఆదివారాలు ఇద్దరూ అతన్ని చూడటానికి వెళ్ళేవారు. అలా వెళ్ళిన ఒకరోజు బస్సులోంచి పిల్ల ముందు దిగింది. రెండు సంచులతో ఆవిడ ఇంకా మెట్టు మీద ఉండగానే బస్సు కదిలింది. ఒక కాలు గాలిలో ఉంది, పట్టుకున్న కడ్డీ చేతిలోంచి జారుతోంది. అప్పుడు రోడ్డుమీదనుంచి వినబడింది.

"ఆపండి. మా అమ్మ దిగలేదు. ఆపండి."

బస్సు ఆగింది. ఆవిడ దిగి, సంచులు అక్కడే పడేసి, మట్టిలో కూలబడింది. కండక్టరు దెబ్బ తగిలిందేమోనని కంగారుపడి దిగొచ్చాడు. ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి అర్థం కాక, జాగ్రత్తమ్మా అని వెళ్ళిపోయాడు.

ఆ సంగతి చెప్పినప్పుడు అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎంత గట్టిగా అని అడిగాడు. డ్రైవరుకు వినబడేంత అంది ఆవిడ. అతను భుజాలు ఎగిరేలా, శబ్దం లేకుండా నవ్వాడు. ఏదీ నాకోసారి చూపించు, ఫర్వాలేదు, ఒక్కసారే అని కూతుర్ని బతిమాలాడు. పిల్ల తల అడ్డంగా ఊపి, అతని చెవిదాకా వంగి, నీకు నొప్పి నాన్నా అంది. అతను ఇంక అడగలేదు. ఆరోజు వచ్చేస్తుంటే గుమ్మందాకా వచ్చి నిలబడ్డాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నాడు.

పిల్లకు మాట మెల్లమెల్లగా తిరిగి వచ్చింది. మొదట బడిలో వచ్చింది, తర్వాత వీధిలో, చివరికి ఇంట్లో. అత్తయ్య ఇంటి గుమ్మం తొక్కగానే మాత్రం పోయేది. తండ్రితో అది ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడింది.

మరుసటి ఏడాది, ఎండలు ముదిరే కాలంలో, ఒక పొద్దుటిపూట ఆవిడ పేజీలు సరిదిద్దుకుంటుంటే ఫోను మోగింది. వదినగారి మాట సరిగా వినబడలేదు. పెరట్లో బట్టలు ఆరవేసి లోపలికి వచ్చేసరికి మంచం కింద పడి ఉన్నాడట. మూర్ఛ ఎప్పుడు వచ్చిందో తెలియదట. కిందపడిన చప్పుడు కూడా వినబడలేదట. అదే మాట వదినగారు మళ్ళీ మళ్ళీ చెబుతోంది, పడిన చప్పుడు కూడా వినబడలేదమ్మా అని.

బడికి వెళ్ళి పిల్లను తీసుకుని ఆటోలో బయలుదేరింది. అక్కడికి చేరేసరికి అతన్ని నేలమీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. నుదుటి మీద ముడత లేదు. నలుగురైదుగురు చుట్టాలు గోడవారగా కూర్చుని ఉన్నారు. ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ అందరూ గొంతు తగ్గించే మాట్లాడుకుంటున్నారు. తలుపులు మెల్లగా తీస్తున్నారు, మెల్లగా వేస్తున్నారు.

పిల్ల దగ్గరికి వెళ్ళి నిలబడి చూసింది. వంగి అతని చెవిలో ఏదో చెప్పింది. కాసేపు ఆగి మళ్ళీ చెప్పింది. ఆ తర్వాత దాని ఒంట్లోంచి ఒక కేక వచ్చింది. ఆ చిన్న ఇంటి గోడలు పట్టలేనంత కేక. నాన్నా అని పెద్దగొంతుతో, అచ్చం అతని గొంతుతో, ఊపిరి అందనంతగా ఏడుస్తోంది. గోడవారగా కూర్చున్నవాళ్ళు అదిరిపడ్డారు. ఎవరో అనాలోచితంగా ష్ అన్నారు. మేనత్త పరుగున వచ్చి దాన్ని పొదువుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది.

"ఏడవనివ్వండి వదినా," అంది ఆవిడ. "ఇంక ఆయనకి నొప్పెట్టదు."

మేనత్త చెయ్యి తీసేసింది. పిల్ల చాలాసేపు ఏడ్చింది.

ఆ తర్వాత ఆవిడ తమ ఇంటి వెనకగదిలో కూర్చుని పనిచెయ్యలేకపోయింది. బజారులో ఒక పెద్ద సెంటర్లో చేరింది. ఫోన్లు, జెరాక్సు మెషిన్లు, అర్జెంటు అర్జెంటు అంటూ నెత్తిన కూర్చునేవాళ్ళు, కిందనుంచి మార్కెట్టు గోల. ఎలా చేస్తావక్కా ఇంత రొదలో అని పక్కసీటు అమ్మాయి అడిగితే, నాకేం ఇబ్బంది లేదంది. పదిమాటలు అడిగితే ఒక్కటి చెబుతుందని అక్కడివాళ్ళు అంటుంటారు. సాయంత్రం ఇంటికి వెళ్ళాక కూతురు వెంటపడి బడికబుర్లు చెబుతుంది. ఎవరు ఎవర్ని గిల్లారో, టీచరుకు కోపం ఎందుకొచ్చిందో, ఎవరికి ఎన్ని మార్కులో, ఊపిరి తీసుకోకుండా చెబుతుంది. ఆవిడ బియ్యం ఏరుకుంటూ వింటుంది. అది ఎక్కడైనా ఆగితే, చెయ్యి ఆపి తలెత్తి చూస్తుంది. అది మళ్ళీ అందుకునేదాకా అలాగే చూస్తుంది.